రాజుగారి తలకు మన ఉరుమాల

కోయంబత్తూరు పీలమేడులో పాడైన మోటార్లకు రాగితీగ చుట్టి బాగుచేసే చెన్నకేశవన్‌కు సినిమాల విషయంలో ఒకే ఒక్క పట్టింపు. సినిమాలో రాజు ఉండాలి. రాజు కుదరకపోతే సేనాపతి అయినా ఉండాలి. ప్యాంటూ చొక్కా వేసుకున్న కథానాయకుడు తెరమీదికి వచ్చాడంటే చాలు, ఇంటర్వెల్లు దాకా కూడా ఆగకుండా లేచి వచ్చేసేవాడు.

"ప్యాంటేసుకున్నోణ్ణి చూసేదానికి టిక్కెట్టు ఎందుకు? మా అంగడి ముందర నిలబడితే పొద్దంతా చూడొచ్చు" అనేది ఆయన వాదం.

ఆయన రాజు పేరు విజయమార్తాండన్. ఒకప్పుడు ఆ నటుడు తెరమీద కత్తి దూస్తే కోయంబత్తూరు థియేటర్లలో కుర్చీలు విరిగేవి. అభిమానులు ఆయన్ను పేరుపెట్టి పిలిచేవాళ్ళు కాదు. "అరసర్" అనేవాళ్ళు, అంటే రాజుగారని. ఓసారి అరసర్ కటౌటుకు దండ వేయబోయి, నిచ్చెన జారి, చెన్నకేశవన్ భుజం ఎముక విరగ్గొట్టుకున్నాడు. అతుక్కున్న చోట ఇప్పటికీ బుడిపె ఉంది. వాన వచ్చే ముందు సలుపుతుంది. కొత్తవాళ్ళకు చొక్కా పక్కకు జరిపి "ఇది అరసర్ ఇచ్చిన బిరుదు" అని చూపిస్తాడు. అరసర్ ఒక సినిమాలో కాలేజీ కుర్రాడి వేషం కట్టినప్పుడు ఈయన వారంపాటు గడ్డం గీసుకోలేదని భార్య అంజలమ్మ చెబుతుంది. ఆమె చెప్పేవాటిలో సగం తీసేసి నమ్మాలి గానీ, ఇది మాత్రం నిజమే.

రాజుల సినిమాల్లో తప్పులు పట్టడంలో కూడా ఆయనకు ఆయనే సాటి. సైనికుడి మణికట్టు మీద గడియారం తీసేసిన తెల్లమచ్చ, గాలికి ఊగే కోటగోడ, చెమటకు కారే మీసం, ఏదీ ఆయన కన్ను దాటి పోలేదు. ఓసారి అంతఃపురం పాటలో రాణిగారి పైట కాస్త జరిగి భుజం బయటపడింది. హాలంతా నిశ్శబ్దంగా ఉంటే, "ఆ కాలంలో రాణికి టీకా ఎవడు వేసినాడు?" అని చీకట్లోంచి గట్టిగా అడిగాడు. జనం పడీపడీ నవ్వారు. ఆ మాట వీధిలో సామెతగా నిలిచిపోయింది. ఎవరైనా గొప్పలకు పోతే చాలు, "సరే, టీకా ఎవడేసినాడు?" అనేవాళ్ళు.

ఆ వీధిలో ఉన్నవి ఎన్నో తరాల కిందట వచ్చి నిలిచిన తెలుగు కుటుంబాలు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. పెళ్ళిళ్ళలో మాత్రం పాత కట్టుబాట్లు గట్టిగా ఉన్నాయి. వాటిలో ఒకటి పెళ్ళికొడుక్కు ఉరుమాల కట్టడం. ఉరుమాల అంటే తలపాగా. బజారులో కొని నెత్తిన పెట్టకూడదు. పొడుగాటి తెల్లగుడ్డను మడిచి, మెలిపెట్టి, పీటమీద కూర్చున్నవాడి తలకే చుట్టాలి. ఆ హక్కు తాతల కాలం నుంచీ చెన్నకేశవన్ ఇంటిదే. వీధిలో తోటలున్నవాళ్ళున్నారు, మిల్లుల్లో మేనేజర్లుగా చేసినవాళ్ళున్నారు. ఎంతటివాడి కొడుకైనా ముహూర్తానికి ముందు కాసేపు ఈ మోటార్లు చుట్టేవాడి చేతికింద తల వంచి కూర్చోవలసిందే. చెన్నకేశవన్‌కు ఉన్న పరువంతా ఆ కాసేపట్లోనే ఉంది.

ఆయనకు ముందు ఆయన తండ్రి సంజీవి కట్టేవాడు. సంజీవి కట్టే ఉరుమాల చూపుకు ఆనేది కాదు. నెత్తికి అంటుకుపోయి, ఓ పక్కకు ఒరిగి, చెంగు మెడమీద వేలాడుతూ ఉండేది. "పెండ్లికొడుకా, ఒట్టన్‌చత్రం సంతలో మూటలు దించేవాడా?" అని కుర్రకారు చాటున నవ్వుకునేది. అందరికంటే గట్టిగా నవ్వింది కొడుకే. అప్పటికే వాడు "వేంగడపురత్తు వీరన్" అనే సినిమా చూసేశాడు. అందులో అరసర్ గుర్రం మీద కోట దిగి వస్తాడు. తలమీద రెండు పేటలు చెవుల కిందుగా బిగించిన ఉరుమాల. కుడి కణత దగ్గర కుచ్చు విసనకర్రలా విచ్చుకుని ఉంటుంది. గుర్రం ఎంత ఎగిరినా అది మాత్రం కదలదు. ఆ కుచ్చు కోసం వాడు అదే సినిమా మళ్ళీ మళ్ళీ చూశాడు. ఇంట్లో అమ్మ పాతచీర చించుకుని, అద్దం ముందు నిలబడి, ఆ కట్టు చేతికి వచ్చేదాకా వదల్లేదు.

చెన్నకేశవన్ పెళ్ళినాడు సంజీవి గుడ్డ మడతపెట్టుకుని వచ్చి కొడుకు వెనక నిలబడ్డాడు.

"కూచో నాయినా. కండ్లు మూసుకోని ఊరికే కూచో."

"వద్దు నాయినా. నేనే కట్టుకుంటాను."

"తన తలకి తానే కట్టుకునేది లేదురా."

"ఫోటో తీస్తారు నాయినా! మూటలు మోసేవాడి మాదిరి ఉంటే పిల్ల తట్టువాళ్ళు నగుతారు."

అంటూనే తండ్రి చేతిలోని గుడ్డ తీసుకుని, అద్దం ముందు నిలబడి, అరసర్ కట్టు కట్టుకున్నాడు. నాదస్వరం ఊదేవాడు కూడా ఒక క్షణం ఆపి చూశాడు. పెళ్ళికొడుకు తండ్రివైపు తిరిగి, "ఎట్లుండాది?" అన్నాడు.

సంజీవి ఖాళీ చేతులు పంచెకు తుడుచుకుని, "బాగుండాది" అన్నాడు.

ఆ తర్వాతి పెళ్ళిలో వరుడు ఆ కట్టే కావాలన్నాడు. ఆ తర్వాతి వరుడూ అంతే. సంజీవి ఇంకా చాలా ఏళ్ళు బతికాడు. పెళ్ళిళ్ళకు వచ్చేవాడు, వెనక వరసలో కూర్చునేవాడు, భోంచేసి వెళ్ళేవాడు. ఆయన చేతిలో గుడ్డ మళ్ళీ ఎవరూ చూడలేదు.

ఆ సినిమాను జనం మరిచిపోయాక, ఒక పెళ్ళిలో వీడియో తీసేవాడు, "ఇది ఏం కట్టన్నా, ఇంత జోరుగా ఉండాదే?" అని అడిగాడు. సినిమాలోదని చెప్పడానికి చెన్నకేశవన్‌కు నోరు రాలేదు. "నాయకరాజుల కాలపు కట్టు. మా తాతల తాతలు ఆంధ్రా తట్టు నుంచి తెచ్చింది" అనేశాడు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇది ఎంత చక్కగా అతికిందంటే, తెలుగు సంఘం వాళ్ళు వార్షికోత్సవం సంచికలో ఫోటో వేసి, కింద ఆ మాటే అచ్చు వేశారు. అచ్చులో చూశాక ఎవరికి మాత్రం అనుమానం వస్తుంది? కొన్నేళ్ళకు చెన్నకేశవనే నమ్మేశాడు. తాత ఎలా కట్టేవాడో, తాతకు ముత్తాత ఏం చెప్పాడో, కళ్ళారా చూసినట్టు చెప్పేవాడు. రాణిగారి భుజం మీది టీకామచ్చను పట్టిన కళ్ళు మరి!

ఈమధ్య రాజుల సినిమాలు మళ్ళీ జోరందుకున్నాయి. పీలమేడులో మూతపడిన ఒక మిల్లు ఆవరణలో దర్బారు సెట్టు వేశారని తెలిసిన నాటినుంచి చెన్నకేశవన్ సాయంత్రాలు ఆ గోడ పక్కనే తచ్చాడుతున్నాడు. ఒకరోజు ఆయన అంగడిలో తీగ చుడుతూ ఉంటే, స్కూటరు దిగి ఒకావిడ వచ్చింది.

"చెన్నకేశవన్ అయ్యా మీరేనా?" అని తమిళంలో అడిగింది.

"ఆమామ్మా, నేనే. పంపుసెట్టా, మిక్సీయా?"

"తలపాగా" అంది ఆవిడ.

ఆవిడ పేరు జెబమలర్. ఆ సినిమాకు దుస్తులు చూసే బృందంలో పనిచేస్తుంది. నాయకరాజుల కాలంలో ఇటు వచ్చిన తెలుగు కుటుంబాల అసలైన కట్టు కావాలని డైరెక్టరు పట్టుబట్టాడట. సంఘం సంచిక ఆవిడ చేతిలో ఉంది.

"ముసలి రాజు వేషం వేస్తున్న విజయమార్తాండన్ సార్‌కు మీరే వచ్చి కట్టాలి. వస్తారా?"

చెన్నకేశవన్ చేతిలోని తీగ చుట్ట జారి అంగడంతా దొర్లింది. ఆయన దాన్ని ఎత్తనైనా లేదు.

ఆ రోజునుంచి ఆయన కాలు నేలమీద ఆనలేదు. కొడుకు శబరికి తమిళ ఆవణి నెలలో పెళ్ళి కుదిరి ఉంది. ఆ పిల్లవాడు ఊళ్ళోనే ఒక ఐటీ ఆఫీసులో పనిచేస్తాడు. "అరసర్ తలకి కట్టిన చేత్తోనే నీ తలకి కడతాను. ఏ మారాజు కొడుక్కిరా ఆ యోగముండాది?" అని వాడితో అన్నాడు. ఆ మాటే వీధిలో ఇంటింటికీ వెళ్ళి చెప్పాడు. సినిమా మొదట్లో పేర్లు పడేటప్పుడు తన పేరూ పడుతుందని తనే కలిపి చెప్పాడు.

"ఇంట్లో మిక్సీ తిరగక ఎన్నాళ్ళో అయిండాది" అంది అంజలమ్మ. "రాజు తల తిప్పేదానికి పోతాడంట!"

"నీకేం తెలుసే, అది ఉత్త తలగుడ్డ కాదు, చరిత్ర."

"ఆమామా, ఆ చరిత్ర మా అమ్మగారింట్లో మన పెండ్లి ఫోటోగా వేలాడుతుండాది. రోజూ దుమ్ము తుడిచేది మా వదినే."

షూటింగుకు తండ్రీ కొడుకులు ఇద్దరూ వెళ్ళారు. చెన్నకేశవన్ పట్టు పంచె కట్టాడు. ఉతికి గంజిపెట్టిన తెల్లగుడ్డ పసుపు సంచిలో ఉంది. జెబమలర్ వాళ్ళను ఒక పెద్ద వ్యానులోకి తీసుకెళ్ళింది. లోపల అద్దం ముందు ఒక ముసలాయన బనీనుతో కూర్చుని, సాసర్లో పోసుకుని టీ తాగుతున్నాడు. నున్నటి గుండు, దానిమీద ఉబ్బిన నరాలు. ఆ గుండును గుర్తుపట్టడానికి చెన్నకేశవన్‌కు కొంచెంసేపు పట్టింది. గుర్తుపట్టాక వంగి కాళ్ళకు దండం పెట్టాడు.

"లే నాయనా, లే. టీ ఒలికిపోతుంది" అన్నాడు అరసర్ తమిళంలో. గొంతు మాత్రం అదే గొంతు.

ఆయన గుడ్డ మడిచి, మెలిపెట్టి, కట్టడం మొదలుపెట్టాడు. చెవుల కిందుగా బిగించి, కణత దగ్గర కుచ్చు విప్పి నిలబెట్టాడు. శబరి ఫోను పట్టుకుని వీడియో తీస్తున్నాడు. పని అయ్యాక చెన్నకేశవన్ రెండడుగులు వెనక్కి వేసి చూశాడు. అద్దంలో వేంగడపురం కోట దిగి వచ్చిన వీరుడే, ముసలివాడై కూర్చున్నాడు.

అరసర్ అద్దంలోకి చూసుకోలేదు. చెయ్యెత్తి చెవి కింది పేటను తడిమాడు. అక్కడినుంచి వేళ్ళు కుచ్చు వెనక్కి వెళ్ళాయి. అక్కడ ఏదో వెతికినట్టు ఆగాయి.

"ఇది నీకు ఎవరు నేర్పారు?"

"మా తాత, సామీ. ఆయనకు వాళ్ళ తాత."

అరసర్ నవ్వడం మొదలుపెట్టాడు. మొదట భుజాలు కదిలాయి, తర్వాత దగ్గు వచ్చింది, కళ్ళు తుడుచుకున్నాడు. ఆ నవ్వులో ఎక్కడా ఎగతాళి లేదు. అది ఉండి ఉంటే చెన్నకేశవన్‌కు కొంత నయంగా ఉండేది.

"జెబమలర్, ఇలా రా, చూడు! మా ఆర్ముగం కట్టు ఇది. వేంగడపురం తీసేటప్పుడు గుర్రం ఎగిరితే చాలు, నా పొడుగుజుట్టు విగ్గు జారిపోయేది. డైరెక్టరు తిట్లు పడలేక, బట్టలు చూసే మా ఆర్ముగం ఉరుమాలను చెవుల కింద నుంచి రెండు పేటలు లాగి విగ్గుతో కలిపి బిగించాడు. ఇక్కడ పిన్నీసు కనబడుతోందని దానిమీద కుచ్చు నిలబెట్టాడు. పాపం, ఎప్పుడో పోయాడు. వాడి చెయ్యి మళ్ళీ నా తలమీద పెట్టావు నాయనా!"

అంటూ చెన్నకేశవన్‌ను దగ్గరకు లాక్కుని కౌగిలించుకున్నాడు. ఆ కౌగిలి కోసమే ఒకప్పుడు నిచ్చెన ఎక్కి ఎముక విరగ్గొట్టుకున్నాడాయన. ఇప్పుడు మాత్రం ఎప్పుడు వదులుతాడా అని చూశాడు.

కబురు తెలిసి డైరెక్టరు కూడా వచ్చాడు. అందరూ నవ్వారు, భుజం తట్టారు. అరసర్ తన చేతులతోనే ఉరుమాల విప్పి, మడిచి, ఆయన చేతికిచ్చాడు.

"సరే, అది అలా ఉంచు. ఇప్పుడు మీ ఇంటి కట్టు కట్టు నాయనా. నిజంది."

చెన్నకేశవన్ గుడ్డ పట్టుకుని నిలబడ్డాడు.

"మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా కట్టేవారా అయ్యా?" అని జెబమలర్ మెల్లగా అడిగింది.

"మా నాయిన కట్టేవాడు."

"ఆయన్ను పిలిపించగలమా?"

"లేడమ్మా."

తర్వాత జెబమలర్ వెళ్ళి ఒక పెట్టె తెచ్చింది. అందులో ముందే కుట్టి, ముత్యాల సరాలు వేలాడదీసిన తలపాగా ఉంది. ఎక్కడో ఉత్తరాది రాజులది. దాన్ని అరసర్ తలకు టోపీలా పెట్టేశారు. తండ్రీ కొడుకులకు ఇడ్లీ పొంగలి పొట్లాలిచ్చి పంపారు.

దారిలో శబరి చాలాసేపు బిగబట్టుకున్నాడు, చివరికి వల్లకాక నవ్వేశాడు. "అప్పా, విగ్గు జారకుండా కట్టిందా, మన చరిత్ర?" అన్నాడు. ఆ వీడియో ఎవరికీ పంపనని మాటిచ్చాడు. పెళ్ళి చేసుకోబోయే పిల్ల మోనికకు మాత్రం పంపాడు. మోనిక తమ్ముడికి చూపింది. పొద్దు గూకేసరికి వీధి చివర టీ అంగడి దగ్గర కుర్రవాళ్ళు కాచుకుని ఉన్నారు.

"మామా! టీకా ఎవడేసినాడు మామా?"

చెన్నకేశవన్ తలొంచుకుని ఇంట్లోకి వెళ్ళిపోయాడు. అంజలమ్మ ఆ పూట మిక్సీ మాట కూడా ఎత్తలేదు. అన్నం పెట్టి, పక్కన కూర్చుంది. ఆయన తినలేకపోయింది అందుకే.

మర్నాడు ఆయన తండ్రి చెల్లెలు రామక్కాళ్ ఇంటికి వెళ్ళాడు. ఎనభై దాటిన మనిషి, వసారాలో కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది.

"అత్తా, నాయిన ఉరుమాల ఎట్ల కట్టేది? నీకు గ్యాపకముండాదా?"

"ఏంరా, ఇన్నాళ్ళకి అడుగుతుండావు?"

"శబరి పెండ్లికి కట్టాల. నాయిన కట్టినట్టే కట్టాల. ఏ పేట ముందర, ఏ పేట వెనక, చెప్పు."

ఆమె చేతిలోని కాయ చేటలో వేసింది. "చెప్తే వచ్చేదా అది? చూస్తే వచ్చేదా? అది కండ్లకి నేర్పేది కాదురా కేశవా. కొడుకు పెండ్లినాడు వాణ్ణి కండ్లు మూసుకోమని, నాయిన ఒకసారి కట్టి విప్పేది. మల్లా కట్టి విప్పేది. మల్లా కట్టేది. వాడి తలే నేర్చుకుంటుంది. మా నాయిన మా అన్నకి అట్లనే నేర్పించె. దానికి వేరే పాఠం లేదు."

"మరి నాకు ఎందుకు చెప్పలేదు? తర్వాతైనా కూచోబెట్టి నేర్పించి ఉండొచ్చే!"

"పెండ్లికొడుకుగా ఉండేది ఆ ఒక్కనాడే కదరా. ఆ పొద్దు నువ్వు అద్దం ముందర నిలబడుకోనుంటివి."

చెన్నకేశవన్ చేటలోని గింజలు వేళ్ళతో కెలుకుతూ కూర్చున్నాడు. రామక్కాళ్‌కు దయ కలిగిందో, అసలు ఆపడం రాలేదో, ఇంకొక మాట కూడా చెప్పేసింది.

"ఆ సాయంత్రం మా అన్న ఇంటెనక రోలు పక్కన కూచోని, బిందె బోర్లించుకోని, దానికి కట్టి విప్పుతుండాడు. ఏందన్నా ఇది అంటిని. చెయ్యి మరిచిపోతుందేమో అని, అనె."

"అత్తా! చెయ్యి ఎటు తిప్పినాడు? కుడికా, ఎడమకా? చూసింటావే!"

"చెయ్యి నేనెక్కడ చూస్తిని? మా అన్న మొగం చూస్తిని."

ఆవణి వచ్చేదాకా ఆయన అంగడిలో పని లేని వేళల్లో, పాత మోటారు మీద బిందె బోర్లించి గుడ్డ చుడుతూనే ఉన్నాడు. తండ్రి ఉరుమాల ఒరిగిన తీరు గుర్తుంది, మెడమీది చెంగు గుర్తుంది. నవ్వినవాడికి నవ్వినంతమేర బాగా గుర్తుంటుంది. కానీ చుట్టేటప్పుడు చెయ్యి మాట వినేది కాదు. రెండో పేటకు వచ్చేసరికి చెవుల కిందికి జారేది. బిందెకు చెవులు లేకపోయినా సరే. చివరికి కుచ్చు లేచి నిలబడేది. ఆయన విప్పేవాడు, మళ్ళీ చుట్టేవాడు. ఆఖరికి ఒక నిర్ణయానికి వచ్చాడు. కుచ్చు పెట్టకుండా, ఏదో ఒకలా, చప్పగా, ఒరిగి ఉండేలా కట్టేయాలి. తప్పైనా సరే, శబరిని కళ్ళు మూసుకోమని, కట్టి విప్పి, కట్టి విప్పి కట్టాలి. పేటలు పోయినా, కూర్చోబెట్టి కట్టే ఆ పద్ధతి అయినా వాడి తలకు దక్కుతుంది.

పెళ్ళినాడు పొద్దున్నే స్నానం చేసి, గుడ్డ మడతపెట్టుకుని కొడుకు గదిలోకి వెళ్ళాడు. పీట వేశాడు.

"కూచో నాయినా. కండ్లు మూసుకోని ఊరికే కూచో."

శబరి నిలబడే ఉన్నాడు. తండ్రి ముఖంలోకి చూడలేక మంచం మీది పెట్టెవైపు చూశాడు.

"అప్పా, కోపం చేసుకోవద్దు. మోనిక ఒకటి తెప్పించి ఉండాది. ఆ సినిమా పోస్టరు వచ్చింది కదా, అందులో ఉండేదే. ఒప్పణకార వీధి బట్టలంగళ్ళలో ఇప్పుడు అందరూ అదే కొంటుండారు. ఆమె చీరకి మ్యాచింగ్."

చెన్నకేశవన్ గుడ్డ పట్టుకునే నిలబడ్డాడు.

"నీది వద్దని కాదప్పా. వీడియో తీస్తారు. ఉరుమాల చూస్తే ఆ విగ్గు కథే గ్యాపకం వచ్చి అందరూ నగుతారు."

పెట్టె తెరిచి, ముత్యాల సరాలు వేలాడే కుట్టుడు తలపాగాను శబరి రెండు చేతులతో తలకు పెట్టుకున్నాడు. ఒక్క క్షణంలో అయిపోయింది. అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకున్నాడు. బయట నాదస్వరం మొదలైంది. కొడుకు తండ్రివైపు తిరిగాడు.

"ఎట్లుండాదప్పా?"

చెన్నకేశవన్ చూశాడు. తప్పులు పట్టే కన్ను కదా, ఊరుకోలేదు. ఎడమ చెవి వెనక, లోపలి వెల్వెట్టు అంచున, సైజు రాసిన అట్టముక్క దారంతో సహా బయటికి వేలాడుతోంది. ఆయన దగ్గరికి వెళ్ళి, వేలితో దాన్ని లోపలికి తోసి, ఎవరికీ కనబడకుండా సర్దాడు.

"బాగుండాది" అన్నాడు.